ఒడిపిల్ల

పోయిన వారం సెర్వాను కోతుల శ్మశానంలో, గునపం ఎత్తిన చేతులతో వదిలేశాం. ఆ గునపం ఇంకా దిగలేదు. దిగవలసిన చోట బొఫోవా కూర్చుని ఉంది.

బెనాసో ఊళ్ళో కోతులు మనుషులకు తోబుట్టువులు. కోతి చచ్చినా మనిషి చచ్చినట్టే తెల్లగుడ్డ చుట్టి, ఏడ్చి, పాతిపెడతారు. ఆ కర్మ జరిపించే పూజారిణి బొఫోవా. సెర్వా అమ్మమ్మకు స్వయానా చెల్లెలు. కుమాసి నగరంలో పెరిగి పశువుల డాక్టరైన సెర్వా ఈ ఊరికి వచ్చిన కారణం ఒక పుండు. పిల్లల కాళ్ళనీ మొహాలనీ తినేసే ఆ పుండును ఇక్కడ జాటో అంటారు. పోయిన వానాకాలంలో ఊరందరికీ ఒకే రోజు మాత్రలు మింగించాక అది మాయమైంది. మాయమైందనే అందరూ అనుకున్నారు. ఇప్పుడు సెర్వా చనిపోయిన అక్క కూతురు అజేవా మోకాలి మీద మళ్ళీ ఒకటి పూసింది. అదే రోజుల్లో కుక్కలు కరిచి చంపిన ఒక ఆడకోతి మూతి మీద కూడా అలాంటివే కనబడ్డాయి. అజేవా తండ్రి బెడియాకో రెంటినీ కలిపి ముడివేశాడు. పుండు తెచ్చింది కోతులే, కోతులు చస్తే పుండూ చస్తుందన్నాడు. పెద్దలు కాదనలేకపోయారు. జాటో ఎక్కణ్ణుంచి వచ్చిందో డాక్టరమ్మ తేల్చి చెప్పకపోతే, ఈ మధ్యాహ్నం ఊరి గంట మోగుతుంది. గంట మోగితే వేటగాళ్ళు వనంలోకి వెళ్ళొచ్చు.

తేల్చాలంటే చచ్చిన కోతి మూతి మీది రసి కావాలి. కోతి మట్టి కింద ఉంది. మట్టి మీద ముసలమ్మ ఉంది.

"లే, అమ్మమ్మా."

"లేవను. ఈ మోకాళ్ళతో కూర్చోవడం ఒక కష్టం, లేవడం ఇంకో కష్టం. ఒకటి పడ్డానుగా, రెండోది నువ్వెందుకు పెడతావు? అంత చదివావు, కీళ్ళనొప్పులకి మందు లేదూ నీ దగ్గర?"

"నేను పశువుల డాక్టర్ని."

"మరింకేం, చూడు నన్ను. మా ఆయన బతికున్నన్నాళ్ళూ నన్ను మేకనే అనేవాడు."

ఇంకో రోజైతే సెర్వా నవ్వేది. గునపం దించి, ఆనుకుని నిలబడింది. ఎడమచెయ్యి దానంతటదే మోకాలి దగ్గరికి పోయింది. ప్యాంటు గుడ్డ మీదుగా బొటనవేలు ఆ పాత మచ్చను వెతుక్కుని, దాని అంచు వెంట తిరగసాగింది. చిన్నప్పుడు వేడి గంజి పడిన మచ్చ. పరీక్ష హాల్లోనూ, ఉద్యోగం అడగడానికి వెళ్ళినప్పుడూ, అక్క చావు కబురు ఫోనులో విన్నప్పుడూ ఆ వేలు అలాగే తిరిగింది. మనసుకి దారి తెలియనప్పుడు ఆమె వేలికి తెలిసిన దారి అదొక్కటే.

సీసపు రంగు వీపున్న కోతి ఒకటి చెట్టు దిగి, ముసలమ్మ ఒళ్ళో ఉన్న కాల్చిన పెండలం ముక్క లాక్కుని ఎగిరి కొమ్మ మీద కూర్చుంది.

"సిగ్గు లేదుట్రా?" అంది బొఫోవా తలైనా ఎత్తకుండా. "మీ అమ్మని పాతి నాలుగు రోజులు కాలేదు, పెళ్ళివారి మూకలాగా తింటున్నావు." తర్వాత సెర్వా వైపు తిరిగింది. "అదిగో, చచ్చినదాని పెద్దకొడుకు వాడే. వాడి ముందు తవ్వుతావా వాళ్ళమ్మని?"

"తవ్వితే వాడు బతుకుతాడు."

"ఎన్నాళ్ళు?"

"అదేంటి?"

"ఇవాళ బతుకుతాడు. ఎందుకని ఇన్నేళ్ళూ వీటి మీద ఎవడూ రాయి కూడా వెయ్యలేదు? తోబుట్టువులు గనక. తోబుట్టువు సమాధి ఎవరూ తవ్వరు. నువ్వు తవ్వావనుకో, ఆ మాట చచ్చిపోతుంది. మాట చచ్చాక మిగిలేది అడవి జంతువు. దాన్ని రేపెవడైనా కాల్చుకుంటాడు, కూర వండుకుంటాడు."

సెర్వా ముసలమ్మ మాటలో మూఢత్వం కోసం వెతికింది. ఉండి ఉంటే కోపం తెచ్చుకోవడం తేలికయ్యేది.

"ఒకటడుగుతాను చెప్పు, డాక్టరమ్మా. జాటో అంటుకున్నాక పైకి తేలడానికి ఎంతకాలం పడుతుంది?"

"మూడు వారాలు. ఒక్కోసారి మూడు నెలలు."

"అజేవా ఈ కోతి తలని ఒళ్ళో పెట్టుకుంది, అక్కడే అంటుకుంది అని ఊరంతా చెవులు కొరుక్కుంటున్నారు. ఆ పిల్ల దీన్ని ఒళ్ళో పెట్టుకుంది పాతిపెట్టిన రోజునే. మొన్న శుక్రవారం."

సెర్వా చేతిలో గునపం బరువు మారినట్టయింది.

నిజమే. మూడు వారాలు పట్టే పుండు నాలుగు రోజుల్లో పూయదు. ఈ కర్మలో అంటుకున్నది కాదు. ఇంత చిన్న లెక్క తనకెందుకు తట్టలేదు? ఊరికి వచ్చిన క్షణం నుంచీ అందరూ చూపించిన వైపే చూసింది గనక. చచ్చిన కోతి, దాని మూతి, ఈ సమాధి. భయపడిన మనిషి ముందుగా శవం వైపే చూస్తాడు. తనూ అంతే చేసింది. మరి అంతకుముందు? వానాకాలంలో అందరూ మాత్రలు మింగారు. పాతది ఎవరి ఒంట్లో దాక్కున్నా ఆ మాత్రతో పోయి ఉండాలి. అందరూ మింగి ఉంటే.

అందరూ.

ఆ మాట దగ్గర ఆమె ఆలోచన ఆగి, చెవులు రిక్కించింది.

"పిన్నీ! తవ్వేశావా? నాకోసం ఆగమన్నానుగా!"

అజేవా పరుగెత్తుకుంటూ వచ్చింది. కుడి మోకాలి మీద, ఎండిన తేనె గడ్డకట్టినట్టు పసుపుపచ్చ పెచ్చు. నొప్పి లేదు దానికి. జాటోకి నొప్పి పుట్టదు, అందుకే ఎవరూ దాన్ని పట్టించుకోరు. పిల్ల వీపున గుడ్డతో కట్టిన మూట కదులుతోంది. మూటలోంచి చిన్న నల్లని మొహం, ఆశ్చర్యపోయినట్టున్న రెండు కళ్ళు. చచ్చిన కోతి పిల్ల. తల్లిలేని కోతిపిల్లల్ని పెంచడం ఒడిపిల్ల పని. కోతి చచ్చినప్పుడు దాని తలని ఒళ్ళో పెట్టుకునేదీ ఒడిపిల్లే. పూజారిణి ఇంటి ఆడవాళ్ళ వరుసలో ఇంకా పెద్దమనిషి కాని పిల్ల ఎవరుంటే వాళ్ళని ఆ పనికి పెడతారు.

సెర్వా మోకాళ్ళ మీద కూర్చుని పిల్ల కళ్ళలోకి చూసింది.

"అజేవా, వానాకాలంలో మాత్రలిచ్చారు చూడు, చేదుగా ఉన్నాయా?"

"నాకేం తెలుసు? చేదేనట. పక్కింటి పిల్ల మింగి కక్కుకుంటే మళ్ళీ ఇచ్చారట."

"నీకివ్వలేదూ?"

"నేను ఒడిపిల్లని కదా, పిన్నీ!" ఇంత చదువుకున్నదానికి ఇది కూడా తెలియదా అన్నట్టు చూసింది. "ఒడిపిల్ల బయటి మందు మింగితే చెమటకి వాసన మారిపోతుంది. కోతులు ఒళ్ళోకి రావు. జేజమ్మ నన్ను గుడిలో కూర్చోబెట్టి బయట గడియ పెట్టింది. నేను చిల్లులోంచి అందర్నీ చూశాను. నాన్న కూడా మొహం చిట్లించాడు మింగేటప్పుడు."

సెర్వా లేచింది. లోపల ఏదో కొండ దిగే బండిలా వేగం అందుకుంది.

"అమ్మమ్మా. ఊరంతా మింగింది. ఒక్క పిల్లని దాచావు. రోజూ కోతుల్ని ఎత్తుకునే పిల్లనే దాచావు."

కొమ్మ మీద కోతి పెండలం తొక్క కింద పడేసింది. అది బొఫోవా భుజం మీద పడింది. దులుపుకోలేదు.

సెర్వా సంచీలోంచి పరీక్ష బిళ్ళ తీసింది. అరచేతిలో పట్టే ఆ తెల్లబిళ్ళ మీద ఒక నెత్తుటి చుక్క, ఒక నీటి చుక్క వేస్తే గీతలు తేలతాయి. ఒక గీత పడితే, ఎప్పుడో జాటో వచ్చిందని గుర్తు. ఆ గీత మనిషి బతికున్నంతకాలం పోదు. పక్కన రెండోది కూడా పడితే, ఆ పురుగు ఇప్పుడు ఒంట్లో బతికే ఉందని.

"సూదా? ఏడవను గానీ, కోతిపిల్లకి కళ్ళు ముయ్యి. అది భయపడుతుంది," అంది అజేవా.

వేలు పొడిచింది. ముగ్గురూ బిళ్ళ మీదికి వంగారు. సమాధి మీద నుంచి లేవకుండానే ముసలమ్మ మెడ చాచింది. మొదటి గీత తేలింది. రెండోది రావడానికి ఆలస్యం చేసి, వచ్చాక మొదటిదానికంటే ముదురుగా నిలబడింది.

"రెండూ," అంది సెర్వా. కోపం రావలసిన చోట ఆమెకి ఒక వెర్రి ఆనందం వచ్చింది, దానికి సిగ్గూ వేసింది. చీకటిగదిలో తడుముకుంటున్న చేతికి తలుపు పిడి తగిలిన ఆనందం అది.

"నన్నూ అలాగే ఉంచారు," అంది బొఫోవా, ఎవరితోనో చెబుతున్నట్టు. "మా అక్కనీ. అప్పట్లో సూదులేసేవాళ్ళు వచ్చినప్పుడు మమ్మల్నీ గుడిలోనే దాచారు. ఒడిపిల్లకి ఒక పుండు రావడం, దానంతటది మానడం మామూలే. కోతి ముద్దు అనేవాళ్ళం. మీ అక్కకీ వచ్చింది." సెర్వా మోకాలి వైపు చూసింది. "నీకూ వచ్చింది."

"నాకేంటి?"

"నువ్వు నాలుగేళ్ళ పిల్లవి. ఒక్క వానాకాలమే ఒడిపిల్లగా ఉన్నావు. నీ మోకాలు చూసి మీ అమ్మ, చెప్పాపెట్టకుండా నిన్ను వీపున కట్టుకుని కుమాసి పారిపోయింది. మీ అక్కని అమ్మమ్మ వదల్లేదు. అప్పట్నించీ మీ అమ్మ ఈ ఊరి నీళ్ళు ముట్టలేదు."

"అది గంజి కాలిన మచ్చ."

"గంజి పడితే మచ్చ జారినట్టు ఉంటుంది. నీది గుండ్రంగా, మధ్యలో గుంట పడి ఉంటుంది. చూసుకో."

సెర్వా చూసుకోలేదు. చూసుకోనక్కర్లేదు, ఆ అంచు, ఆ గుంట ఆమె బొటనవేలికి బట్టీ వచ్చు. ఆమెకి చిన్నప్పట్నుంచీ ఒక కల వచ్చేది. ఒళ్ళో ఏదో వెచ్చగా ఉంటుంది. సన్నని వేళ్ళు ఆమె చూపుడువేలిని గట్టిగా పట్టుకుంటాయి. తల వంచి చూద్దామనుకునేసరికి మెలకువ వచ్చేస్తుంది. అమ్మతో చెబితే, అమ్మ మొహం తిప్పుకుని గిన్నెలు తోమేది. పశువుల చదువు ఎందుకు తీసుకున్నావని అడిగినవాళ్ళకి ఆమె రకరకాల కారణాలు చెప్పింది. ఒక్కటీ తనే నమ్మలేదు.

ఇంకో బిళ్ళ తీసింది. తన వేలే పొడుచుకుంది.

"నీకెందుకు పిన్నీ?" అంది అజేవా.

"చూద్దాం."

రెండో గీత ఉండదని సెర్వాకి తెలుసు. అమ్మ సూది వేయించి ఉంటుంది. మొదటిదే కావాలి. వద్దని కూడా అనిపించింది. అది తేలితే అమ్మ అబద్ధం తేలుతుంది.

సన్నగా, స్పష్టంగా ఒక గీత తేలింది. పక్కన ఖాళీ.

తను మరిచిపోయింది. నెత్తురు మరవలేదు.

"చూశావా, కల కాదు," అనుకుంది. ఆ మాట పైకి అనేసిందని అజేవా నవ్వితే గానీ తెలియలేదు.

ఆ తర్వాత మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. "అమ్మమ్మా, విను. ముందు కోతి ఇచ్చిందా, మనిషి ఇచ్చాడా అని ఊరంతా కొట్టుకుంటోంది. అది ఎవరూ తేల్చలేరు. ఒడిపిల్ల ఒళ్ళోంచి కోతికి, కోతి మూతి నుంచి తర్వాతి ఒడిపిల్లకి. మీ అమ్మమ్మల కాలం నుంచీ చేతులు మారుతోందది. ఊరికి మందేస్తే కోతుల్లో దాక్కుంది. కోతుల్ని చంపితే అజేవాలో దాక్కుంటుంది. రెండు ఇళ్ళున్న దొంగ! ఒక ఇల్లు తగలబెడితే ఏం లాభం? రెండిళ్ళ తలుపులూ ఒకేసారి మూసెయ్యాలి. అజేవాకి మాత్ర. కోతులకి అరటిపండులో పెట్టి మాత్ర. పాత రోగమే, ఒక్క మాత్రకే లొంగేది, అమ్మమ్మా!"

"అరటిపండులో పెడితే నేనే తినేస్తా," అంది అజేవా.

ముసలమ్మ తన అరచేతులు చూసుకుంది. "మందు మింగితే ఈ పిల్ల ఒళ్ళోకి అవి రావేమో."

"వీపున ఉన్నది అడుగుదాం."

కోతిపిల్ల అజేవా చెవి పట్టుకుని నిద్రపోతోంది. దాని పెదవి మూల చిన్న పెచ్చు కట్టి ఉంది. బొఫోవా దాన్ని ఇప్పుడే మొదటిసారి చూసినట్టు చూసింది.

"ఇవ్వు పిల్లకి మాత్ర," అంది. "తవ్వనక్కర్లేదు కూడా. చచ్చినదాని మూతి తుడిచిన గుడ్డ గుడి చూరులో దోపి ఉంది. వచ్చే పండగ శుక్రవారం దాకా దాన్ని కాల్చం. అక్రాలో మీ పరీక్షలవాళ్ళకి అది పంపించు, చాలదూ?"

సెర్వా నోరు తెరిచింది. ఆ గుడ్డ చాలు. ఎండిపోయినా చాలు. "ముందే చెప్పొచ్చు కదా!"

"నువ్వు గుడ్డ అడిగావా? గునపం తెచ్చావు."

అజేవా, సెర్వా సంచీలోంచి తీసిన మాత్ర మింగి, నాలిక బయటపెట్టి, ప్రపంచంలోని చేదునంతా మొహంలో చూపించింది. "ఆ గుడ్డ నేను తెస్తా! ఎక్కడ దోపిందో నాకే తెలుసు." ఎవరూ ఔననకముందే, వీపున కోతిపిల్లతో, వనం మధ్యలో ఉన్న గుడి వైపు పరుగెత్తింది. కొమ్మ మీది పెద్దకొడుకు ఆమె వెనకే దూకాడు. వాడి వెనక ఇంకో నాలుగు. కాసేపటికి ఆకులన్నీ అటే కదిలాయి. తల్లిలేని పిల్ల ఎటు పోతే మంద అటు పోతుంది.

"ఏం మరదలా, తవ్వడం అయిందా? లేకపోతే ముసలమ్మనీ కలిపి పాతేద్దామా?"

బెడియాకో. భుజాన నాటు తుపాకీ. నవ్వుతున్నాడు గానీ కళ్ళు పుండు పడినట్టు ఎర్రగా ఉన్నాయి. రాత్రి పడుకున్నట్టు లేదు.

"తవ్వలేదు బావా. తేలింది."

"తవ్వకుండానే? ప్రార్థన చేశావా?"

"కూర్చో, చెబుతాను."

"నించునే వింటాను. పొద్దెక్కుతోంది."

చెప్పింది. బిళ్ళలు రెండూ చూపించింది. అజేవా మాత్ర మింగలేదన్న దగ్గర అతని నవ్వు ఆరిపోయింది. గుడిలో దాచారన్న దగ్గర తుపాకీ భుజం మీంచి చేతిలోకి దిగింది.

"రోగం ఎక్కడుంటే అక్కడ కాలుస్తానన్నావు," అంది సెర్వా. "ఉన్నది నీ కూతుర్లో బావా. ఇప్పుడు ఎటు తిప్పుతావు దాన్ని?"

అతను తుపాకీ గొట్టం వైపు చూశాడు. చివరికి తుపాకీని చెట్టు మొదట్లో ఆనించి, నేల మీద చతికిలబడ్డాడు.

"నేనూ వరసలో నిలబడి మింగాను ఆ రోజు," అన్నాడు. "అజేవా మింగిందా అని అడిగాను. మింగింది అన్నారు. ఏం అమ్మమ్మా, నువ్వే అన్నావు కదూ?"

బొఫోవా తల వంచుకుంది.

"అంతే కదా మరి. ఈ ఊళ్ళో పిల్ల తల్లి వరసది, మీ నెత్తురు. తండ్రిని నేను, ఇంటికొచ్చిన చుట్టాన్ని. దాని కాలు కుళ్ళుతున్నా నాకెవరూ చెప్పరు. ఆ పుండు చూసిన దగ్గర్నుంచీ ఏదో ఒకటి చెయ్యాలి, నా బిడ్డ కోసం నేను చెయ్యగలిగింది ఏదో ఒకటి. చేతిలో ఉన్నది ఇదొక్కటే." చెట్టుకి ఆనించిన తుపాకీ వైపు గడ్డం ఊపాడు.

ఆ మనిషి కోతుల్ని ఎప్పుడూ ద్వేషించలేదని సెర్వాకి అర్థమైంది. లోకం తనకి ఒక తలుపు తెరిచి ఉంచనప్పుడు మనిషి దొరికిన గోడని బద్దలు కొడతాడు.

"తప్పు నాదే, అల్లుడా," అంది బొఫోవా. ఆమె నోట ఆ రెండు మాటలు కలిసి రావడం ఆ ఊరు ఎప్పుడూ వినలేదు. "పద. పెద్దల దగ్గర నేనే చెబుతాను. పిల్లని దాచింది నేనని."

బెడియాకో మొహం తుడుచుకున్నాడు. "మాత్ర ఇచ్చావా దానికి?"

"ఇప్పుడే. నీలాగే మొహం చిట్లించింది."

అతను నవ్వాడు. ఈసారి కళ్ళు కూడా నవ్వాయి. "ఏదీ అది?"

"గుడికెళ్ళింది, గుడ్డ తేవడానికి..."

గంట మోగింది.

ఇనుము మీద ఇనుము. ఊరి వైపు నుంచి ఒక్కసారి, మళ్ళీ ఒకసారి, తర్వాత ఎడతెగకుండా.

"ఇంకా మధ్యాహ్నం కాలేదే," అంది సెర్వా.

బెడియాకో లేచి నిలబడ్డాడు. "నేనే చెప్పొచ్చాను," అన్నాడు. "నేను తొందరగా తిరిగి రాకపోతే, ముసలమ్మ నన్ను మాటల్లో పెట్టి ఆపిందని లెక్క, నాకోసం చూడకుండా గంట కొట్టించెయ్యండి, మంద ఎటుంటే అటు కాల్చుకుంటూ పొండి అని."

మంద ఎటుంటే అటు.

వనంలో ఆకుల కదలిక గుడి చుట్టూ గుమిగూడి ఆగిపోయి ఉంది. వీపున కోతిపిల్లతో, వంగి చూరులోంచి గుడ్డ లాగుతున్న పిల్ల, దూరం నుంచి చూసేవాడికి ఎలా కనబడుతుందో ముగ్గురికీ ఒకేసారి కనబడింది.

బెడియాకో తుపాకీ మరిచిపోయి పరుగెత్తాడు. అతనితో సెర్వా. బిళ్ళ ఇంకా ఆమె పిడికిట్లోనే ఉంది. మోకాలు మచ్చ దగ్గర భగ్గుమంటోంది, నాలుగేళ్ళ పిల్ల లోపల నుంచి లేచి తనతో పాటు పరుగెడుతున్నట్టు. వెనక ఎవరో గసపోస్తున్న చప్పుడు వినబడి ఆమె తిరిగి చూసింది.

లేవనన్న ముసలమ్మ లేచింది. గుడ్డ తొడల దాకా ఎగగట్టి, కోతుల్ని పిలిచే పాత పిలుపు గొంతు చించుకుని అరుస్తూ, వాళ్ళిద్దరికంటే ముందుకి రాబోతోంది. మందను తన వైపు తిప్పుకోవడానికి.

కొత్త సమాధి మీద ఎవరూ లేరు. గునపం పక్కనే పడి ఉంది. దానితో ఎవరికీ పని లేదు.

వనం లోపల మొదటి తుపాకీ పేలింది.